ముందు నీళ్ళు, తర్వాత గాలి

ఫెర్మిన్ వరోనా శాంతమూర్తి అట. అతని శవపేటిక పక్కన నిలబడి, టోపీని రెండు చేతుల్లో నలుపుకుంటూ ఒకాయన నాతో అన్న మాట అది. "ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడమ్మా మీ ఆయన," అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. ఎప్పుడో సైకిలుకి పంక్చరు వేయించుకుని ఉంటాడు. నా చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని ఆయన చొక్కా మీద కుమ్మరించకపోవడానికి ఒక్కటే కారణం, ఈ రోజుల్లో కాఫీ దొరకదు.

పక్క కుర్చీలో కూర్చున్న మా అన్న ఆర్సేనియో ముక్కుతో నవ్వాడు.

"దారి తప్పాడు చెల్లీ. ఇంకెవరి శవం దగ్గరికో వెళ్ళాల్సినవాడు," అన్నాడు నా చెవిలో.

ఫెర్మిన్ నోటి దెబ్బలు మా అన్న తిన్నన్ని కమగ్వెయ్ ఊళ్ళో ఇంకెవరూ తినలేదు. నవ్వే హక్కు అతనికుంది.

చచ్చిపోయినవాణ్ణి మంచివాణ్ణి చెయ్యడం మా దగ్గర మర్యాద. ముందు మొహానికి పౌడరు రాస్తారు, తర్వాత గుణానికి రాస్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మొగుడు సంపాదించిందల్లా కోపమే. దాన్ని కూడా ఊడబెరుక్కుంటే ఆ పెట్టెలో ఇక ఏం మిగులుతుంది? అందుకే ఇది రాస్తున్నాను. బళ్ళో పిల్లలకి సాహిత్యం చెప్పి చెప్పి రిటైరయ్యాను కాబట్టి నాలుగు వాక్యాలు కూర్చడం వచ్చు. మిగతాదంతా జ్ఞాపకం.

ఫెర్మిన్ పంక్చర్లు వేసేవాడు. మా ఇంటి ముందు వసారాయే షాపు. దూలానికి అరిగిపోయిన టైరు ఒకటి వేలాడేది, అదే బోర్డు. కింద ఒక రేకు తొట్టిలో నీళ్ళు. ట్యూబుకి గాలి కొట్టి ఆ నీళ్ళలో ముంచితే ఎక్కడ బుడగలు వస్తే అక్కడ చిల్లు. ఆ బుడగలు కనబడగానే ఆయన తిట్లు మొదలుపెట్టేవాడు. మేకుని తిట్టేవాడు, మేకు తయారుచేసినవాణ్ణి తిట్టేవాడు, అది పడి ఉన్న రోడ్డుని తిట్టేవాడు, చివరికి సైకిలు యజమాని దగ్గరికి వచ్చేవాడు.

"ఏం తాతా, ఊరంతా వెతికి మరీ తొక్కావా ఈ మేకుని?"

"చూళ్ళేదురా ఫెర్మిన్."

"చూళ్ళేదా. పక్కనెవరైనా ఆడమనిషి నడుస్తుంటే బాగానే కనబడుతుందిగా. దిగి నడిపించుకొచ్చావా, తొక్కుకుంటూ వచ్చావా?"

"తొక్కుకుంటూనే వచ్చాను."

"శభాష్. ట్యూబు చచ్చింది. ఇక దీనికి అతుకు కాదు, పాదిరీ కావాలి."

అలా తిడుతూనే అతుకు వేసేవాడు. ఆ అతుకు ఊడేది కాదు. అందుకని జనం తిట్లు తినడానికి వరసలో నిలబడేవాళ్ళు.

నేను చెప్పేది బస్సులన్నీ ఆగిపోయి ఊరంతా సైకిళ్ళెక్కిన కాలం సంగతి. ప్రభుత్వం దానికి ప్రత్యేక కాలం అని పేరు పెట్టింది. ప్రత్యేకంగా ఏమీ ఉండేది కాదు. అన్నంలోకి ఏమీ ఉండేది కాదు, కొన్నాళ్ళు అన్నమే ఉండేది కాదు. పంచదార నీళ్ళు తాగి బడికెళ్ళి పాఠాలు చెప్పేదాన్ని. కరెంటు పోయేది. ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అలాంటి రోజుల్లో మా ఇంటి మధ్య గదిలో గాజు తొట్టి నిండా చేపలుండేవి.

అవి మా నాన్న లియోకాదియో చేపలు. నల్ల ఏంజెల్ చేపలు. బొగ్గు కన్నా నలుపు. రెక్కలు కన్నెపిల్లల మేలిముసుగుల్లా వెనక్కి జీరాడుతుండేవి. నాన్న ఆ రకాన్ని యవ్వనం నుంచీ జతకట్టించి జతకట్టించి నిలబెట్టాడు. పోయేముందు కొడుకునీ అల్లుణ్ణీ మంచం దగ్గరికి పిలిచాడు.

"ఒక్కడికిస్తే చంపేస్తాడు. ఇద్దరికీ ఇస్తున్నాను. పోట్లాడుకుంటూ బతికించండి," అన్నాడు.

ఆయన మాట తీసెయ్యలేదు వీళ్ళు. బాగా పోట్లాడుకున్నారు. మా అన్న మంగలి. నెమ్మది మనిషి. మాట మాటకీ మధ్య కత్తెర ఆడించినంత సేపు ఆగుతాడు. ఆ ఆగడమే ఫెర్మిన్‌ని పిచ్చెక్కించేది. మా ఇంటికీ అన్నయ్య ఇంటికీ మధ్య ఒకటే పెరడు, దాని మధ్యలో ఒక గోడ, గోడలో ఒక తలుపు. మా వైపు పెరట్లో నాన్న తాతల నాటి మట్టి కాగు, మనిషి లోపల దాక్కునేంత పెద్దది, నేలలో సగం పాతుకుపోయి ఉంటుంది. వాన నీళ్ళు కప్పు మీంచి అందులోకి దిగుతాయి. ఆ కాగు నీళ్ళు తాగినవాడు కమగ్వెయ్ వదిలి పోడని మా ఊరి సామెత. చేపలకీ ఆ నీళ్ళే, సగం కుళాయి నీళ్ళు కలిపి.

కరెంటు పోయిన నాడు గాలి మోటారు ఆగిపోతుంది. చేపల తొట్టికి అదే ప్రాణం. ఆ ఏడాది ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళందరి తొట్లూ ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. మావి కాలేదు. దానికి కారణం ఫెర్మిన్ వృత్తి. లారీ ట్యూబు ఒకటి తెచ్చి తొట్టి పక్కన పడేశాడు. కాలి పంపుతో దానికి నిండా గాలి కొట్టి, మూతికి ఆసుపత్రి సెలైన్ గొట్టం తగిలించి, గొట్టం చివర గాలి రాయి, అంటే గాలిని బుడగలుగా విడగొట్టే సన్న రంధ్రాల రాయి, కట్టి నీళ్ళలో వేశాడు. సెలైన్ గొట్టానికి చిన్న చక్రం ఉంటుంది కదా, దాన్ని బొటనవేలితో కాస్త తిప్పితే మధ్యాహ్నమంతా సన్నగా దారం లాగా బుడగలు వచ్చేవి. ఎవరెవరో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. పాత ట్యూబులు ఊరికే ఇచ్చి పంపేవాడు, తిట్టి మరీ.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. గాలి ఎక్కువై చచ్చిన ప్రాణి ఈ లోకంలో లేదన్నది ఆ సిద్ధాంతం. కరెంటు రాగానే మోటారు పూర్తిగా వదలాలి, చాలకపోతే పంపు కూడా కొట్టాలి.

"ఏడ్చే బిడ్డకి పాలు ఉగ్గుగిన్నెతో కొలుస్తామా బావా? పొయ్యాలి. గాలీ అంతే. కరెంటు వచ్చిందా, కుమ్మెయ్," అని మా అన్నకి నూరిపోసేవాడు.

"కుమ్మేస్తాలే బావా," అనేవాడు ఆర్సేనియో. కాసేపాగి, "చేపలకి జలుబు చేస్తుందేమో," అనేవాడు.

"నీ బుర్రకి చేసింది జలుబు."

ఇలాగే రోజులు వెళ్ళిపోయేవి. ఒకనాడు ఉదయం పేటలోని రొట్టెల బట్టీ లారీ మా వసారా ముందు కూలబడింది. ట్యూబు చీలికలైపోయింది. లారీ కదలకపోతే పిండి రాదు, పిండి రాకపోతే వీధికి రొట్టె లేదు. ఫెర్మిన్ డ్రైవరుని తిట్టి, వాడి తల్లిని తప్ప మిగతా బంధువులందర్నీ తిట్టి, లోపలికొచ్చి తొట్టి పక్కనున్న ట్యూబు ఊడబీకి లారీకి వేశాడు. మంచి పనే. వీధంతా ఆ రోజు రొట్టె తిన్నది. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను బడికి వెళ్ళాను, ఆయన లారీతో బట్టీకి వెళ్ళాడు. అంతకు ముందే రెండో తొట్టి పగిలిందని ఎదిగిన పిల్ల చేపలన్నిటినీ ఈ తొట్లోనే కుక్కి ఉంచాం. మేం అటు వెళ్ళగానే కరెంటు పోయింది. పగలంతా రాలేదు.

సాయంత్రం కావస్తుండగా వచ్చింది. మా ఊళ్ళో కరెంటు వస్తే వీధులన్నీ ఒక్క గొంతుతో కేక పెడతాయి. ఆ కేక వినగానే ఆర్సేనియో చేతిలో కత్తెర పడేసి, గోడ తలుపు తోసుకుని మా గదిలోకి పరిగెత్తాడు. చేపలన్నీ నీళ్ళపైకొచ్చి మూతులు బయటపెట్టి గుటకలు వేస్తున్నాయి. బావ ఏం నేర్పాడో అదే చేశాడు. మోటారు పూర్తిగా వదిలాడు. కాలి పంపుకి ఇంకో గాలి రాయి తగిలించి చెమటలు కారేలా కొట్టాడు. నేను బడి నుంచి వచ్చేసరికి తొట్టి పొయ్యి మీద ఎసరులా మరుగుతోంది, మా అన్న ఇంకా కొడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత చేపలకి పిచ్చెక్కింది. బాణాల్లా దూసుకెళ్ళి గాజుకి గుద్దుకున్నాయి. గిరగిరా తిరిగాయి. మొప్పలు విచ్చుకుని లోపల ఎర్రగా, ఒరుసుకుపోయినట్టు కనబడ్డాయి. ఒకటి పక్కకి ఒరిగింది, దాని వెనక ఇంకొకటి. ఆర్సేనియో గాలి చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. ఫెర్మిన్ చంకలో రొట్టె పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నల్లటి గుడ్డపేలికల్లా నీళ్ళ మీద తేలుతున్నాయి. బతికింది ముసలి తల్లి చేపా, ఒక మగదీ.

"ఏం పెట్టావు తొట్లో?" అన్నాడు ఫెర్మిన్.

"గాలి."

"చేతులు కడుక్కున్నావా?"

ఆర్సేనియో చేతుల వంక చూసుకున్నాడు. మంగలి చేతులు. గడ్డం గీశాక రాసే స్పిరిటు వాసన వాటిని ఎప్పుడూ వదలదు.

"గాలే పెట్టాను. నువ్వు చెప్పిందే చేశాను బావా."

ఫెర్మిన్ అతని మాట వినలేదు. బయటికి నడిచాడు. ఎదురుగా కొట్టు ముందు రొట్టె కోసం వీధంతా వరసలో నిలబడి ఉంది. వసారా అంచున నిలబడి ఆ వరసకి వినబడేలా అరిచాడు, మంగలి స్పిరిటు చేతులతో మామగారి చేపల్ని చంపేశాడని, కన్నతండ్రి చేతి వస్తువుని విషం పెట్టి చంపిన కొడుకు ఇక్కడున్నాడని. నేను చెయ్యి పట్టుకుని లోపలికి లాగితే విదిలించుకున్నాడు.

ఆర్సేనియో పంపు కింద పెట్టాడు. గోడ తలుపు దాటి అవతలికి వెళ్ళాడు. అటువైపు నుంచి బీరువా ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టిన చప్పుడు వినబడింది.

వీధికి తిండి లేనప్పుడు కబురే తిండి. చేపలు పెంచేవాళ్ళు అంతకు ముందు సీసాలు పట్టుకుని మా అన్న దగ్గరికి సలహాకి వచ్చేవాళ్ళు, మానేశారు. పిల్లలు అతని గుమ్మం ముందు ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. ఎదురింటి ఉర్సులా ముసలమ్మ అయితే, "నా మొగుణ్ణి అతని దగ్గరికి పంపించి చూడనా, పని సులువుగా అయిపోతుందేమో," అని వరసలో అందర్నీ నవ్వించింది. తల క్షవరానికి జనం రెండు వీధులవతలికి వెళ్ళడం మొదలుపెట్టారు. మా అన్న తన ఖాళీ కుర్చీలో తనే కూర్చుని వీధి వైపు చూస్తుండేవాడు.

"మా అన్న అలాంటి పని చెయ్యడు," అన్నాను ఫెర్మిన్‌తో.

"నీ అన్న కాబట్టి అంటున్నావు."

"నువ్వు నా మొగుడివి కాబట్టి ఇంకా ఈ గిన్నె నీ నెత్తిన పడలేదు."

గోడకి అటూ ఇటూ నా వాళ్ళే. కోపంతో నాకు నిద్ర ఉండేది కాదు. బళ్ళో మా స్టాఫ్ రూములో కెమిస్ట్రీ చెప్పే నెరెయిడా ఉండేది. నాకన్నా చిన్నది, మాటల్లో నాన్చుడు ఉండదు. ఒకరోజు ఆమె దగ్గర అంతా కక్కేశాను. ఆమె నా అన్న గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. తొట్టి గురించే అడిగింది. ఎన్నాళ్ళకోసారి నీళ్ళు మారుస్తారు, చేపలు కిక్కిరిసి ఉన్నాయా, గాలి ఎంతసేపు లేదు.

"నువ్వు ఊపిరి వదిలినట్టే చేపా వదులుతుంది కదా," అంది. "ఆ వదిలిన ఊపిరి నీళ్ళలో ఉండిపోతే నీళ్ళు పులుస్తాయి. పీహెచ్ పడిపోతుంది. అవి విసర్జించిందీ ఆ నీళ్ళలోనే పోగవుతుంది. నీళ్ళు పులుపుగా ఉన్నంతసేపు ఆ విషం కట్టేసిన కుక్కలాంటిది, పెద్దగా కరవదు. ఒక్కసారిగా గాలి కుమ్మేశావనుకో, ఊపిరంతా ఎగిరిపోతుంది, పులుపు పోతుంది, పీహెచ్ లేస్తుంది. కుక్క తాడు తెగుతుంది."

"అయితే గాలి పెట్టకూడదా?"

"పెట్టకపోతే ఊపిరాడక చస్తాయి. ముందు పాత నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి, కుక్కని బయటికి పంపెయ్యాలి. ఆ తర్వాత గాలి, మెల్లగా." అల్మారాలోంచి చిన్న సీసా తీసి ఇచ్చింది. "రెండు చుక్కలు వెయ్యి. పులుపుంటే పసుపు రంగు, మధ్యలో ఆకుపచ్చ, పులుపు పోతే నీలం. మీ ఆయనకి చూపించు."

చూపించాను. గాలి తన వృత్తి అనీ, తనకి గాలి సంగతి బళ్ళో అమ్మాయి చెప్పాలా అనీ అన్నాడు. కానీ సీసా మూత తీశాడు. తొట్టి నీళ్ళు గ్లాసులో ముంచి చుక్కలు వేశాడు. ఆకుపచ్చగా తిరిగింది. సెలైన్ గొట్టం నోట్లో పెట్టుకుని ఆ గ్లాసులోకి ఊదాడు. ఆకుపచ్చ పలచబడి, చూస్తుండగానే పసుపైంది. గొట్టం తీసి కాలి పంపుకి తగిలించి మెల్లగా తొక్కాడు. పసుపు ఆకుపచ్చైంది. ఇంకా తొక్కాడు. ఆకుపచ్చలోంచి నీలం పైకి వచ్చింది.

ఫెర్మిన్ నోరు మూసుకున్నాడు. నాకు భయమేసింది, ఎందుకంటే నేనది ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ నోటితో ఊదాడు, పసుపు. మళ్ళీ పంపు, నీలం. దొంగని నిలదీసినట్టు ఆ నీళ్ళని నిలదీశాడు, అబద్ధం బయటపడుతుందేమోనని. నీళ్ళు మాట మార్చలేదు. చివరికి పంపుని ఒక్క తన్ను తన్నాడు. అది పెరట్లోకి దొర్లి కాగుకి తగిలి మోగింది.

"నోరు మూసుకో," అన్నాడు నాతో.

నేను అసలు నోరు తెరవనే లేదు.

తెలిసింది. ఆ రోజు నుంచీ ఆయనకి తెలుసు. ట్యూబు ఊడబీకింది తను, గాలి కుమ్మెయ్యమని నూరిపోసింది తను. తెలిసీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మిగతావన్నీ చేశాడు. తెల్లారకముందే లేచి మా అన్న గుమ్మం ముందు ఊడ్చేవాడు. అన్నయ్య సైకిలు బయట ఉంటే దొంగలా వెళ్ళి గాలి కొట్టి వచ్చేవాడు. మా వంతు రొట్టె గుడ్డలో కట్టి అతని తలుపుకి వేలాడదీసేవాడు. ఆ మూట సాయంత్రానికి మా తలుపుకి వేలాడుతుండేది, విప్పకుండా.

"ఆకలితో ఉన్నావు, రొట్టె తినొచ్చు కదా," అన్నాను అన్నయ్యతో వీధిలో.

"రొట్టె అడిగానా చెల్లీ? మాట అడిగాను."

"చెప్పలేడు. ఆయనకి నోరు రాదు."

"నోరు రాదా." అన్నయ్య కత్తెర ఆడించినంత సేపు ఆగాడు. "నన్ను అన్నప్పుడు ఆ నోరు మూడు వీధులకి వినబడింది."

ఆ నెలల్లో నేను ఫెర్మిన్ కంచం బల్ల మీద పెట్టిన చప్పుడు ఉర్సులా ఇంటి దాకా వినబడేది. ఆయన తలెత్తేవాడు కాదు.

ముసలి తల్లి చేప మళ్ళీ గుడ్లు పెట్టింది. నాన్న రకానికి అదే ఆఖరి అవకాశమని మాకు తెలుసు. మరో కాన్పుకి అది ఉండదు. పలకముక్క మీద గుడ్లు, తర్వాత తోకలు ఆడించే నలుసులు, ఆ తర్వాత తల్లి చుట్టూ మేఘంలా తిరిగే పిల్లలు. అవి కాస్త ఎదిగి తొట్టి మళ్ళీ నిండింది. సరిగ్గా అప్పుడే టైరు ఊడదీసే ఇనుప పట్టీ జారి ఫెర్మిన్ కుడిచేతి వేళ్ళు నలిగాయి. చెయ్యంతా కట్టు. కాలి పంపు తొక్కి, లారీకిచ్చినదాని బదులు తెచ్చిపెట్టిన ట్యూబు నింపగలడు కానీ, ఆ ట్యూబు వేడికి అతుకు దగ్గర వదిలి ఒకనాడు నిశ్శబ్దంగా ఖాళీ అయిపోయింది. మేం చూసేసరికి చేపలు పైకొచ్చి ఉన్నాయి. కరెంటు పోయి పొద్దున్నించీ లేదు. గ్లాసులో చుక్కలు వేస్తే నిమ్మపండు రంగు.

అంతలోనే వీధి కేక వినబడింది. కరెంటు వచ్చింది. నేను ముందే మోటారు ప్లగ్గు పీకి ఉంచాను.

ఫెర్మిన్ ట్యూబుకి కొత్త అతుకు పళ్ళతో పట్టి వేసి, కాలితో గాలి నింపాడు. నేను బకెట్టుతో నీళ్ళు తియ్యాలి, కాగులోంచి తెచ్చి పొయ్యాలి. ఆయన రంగు చూస్తూ చెప్పాలి. మరి గొట్టం చక్రం? వెంట్రుకవాసి తిప్పి ఆపాల్సిన పని అది. ఆయన ఎడమ చేత్తో ప్రయత్నించాడు. గాలి బుస్సుమని వచ్చింది, వెంటనే మూసేశాడు. ఒక చేప గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

ఊళ్ళో అంత సన్నగా వేళ్ళు ఆడించగలిగినవాడు ఒక్కడే. గోడకి అవతల ఉన్నాడు.

ఫెర్మిన్ గోడ తలుపు మీద కట్టు కట్టిన చేత్తోనే గుద్దాడు. నొప్పికి తనని తనే తిట్టుకున్నాడు.

"బావా. తలుపు తియ్యి."

"బీరువా అడ్డం ఉంది," అంది అవతలి గొంతు.

"జరుపు."

"బరువుగా ఉంది బావా. నువ్వే పెట్టించావు."

"మామ చేపలు చస్తున్నాయిరా."

"నేను ముట్టుకుంటే చస్తాయిగా. మూడు వీధులకీ తెలుసు ఆ సంగతి."

ఫెర్మిన్ నుదురు తలుపుకి ఆనించాడు. "గాలి వల్ల పోయాయి. నీవల్ల కాదు. చాలా?"

 నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. 

"తలుపుకి చెబుతున్నావేం," అన్నాడు మా అన్న. "ఎక్కడ అన్నావో అక్కడ అను."

ఫెర్మిన్ నా వైపు చూశాడు. తన వైపు మాట్లాడతాననుకున్నాడేమో. "కంచం చప్పుడు చాల్లేదా? వెళ్ళు," అన్నాను.

వెళ్ళాడు. కొట్టు ముందు రొట్టె వరస ఉంది, ఎప్పుడూ ఉండేదే. వసారా అంచున అదే చోట నిలబడ్డాడు.

"ఇటు వినండి అందరూ," అని అరిచాడు. "మా బావ చేపలకి ఏ మందూ పెట్టలేదు. నేను చెప్పింది చేశాడు, అంతే. గాలి కుమ్మెయ్యమని చెప్పిన వెధవని నేను. ట్యూబు ఊడబీకి పట్టుకెళ్ళిన వెధవనీ నేనే. ఆ రోజు మీరు మెక్కిన రొట్టె ఆ ట్యూబు మీదే వచ్చింది. మెక్కి, నా మాట నమ్మి, నా బావ కుర్చీ ఖాళీ చేశారు. నేను కూసింది తప్పు. దాన్ని నమ్మిన మీదీ తప్పే. అతని దగ్గర క్షవరం చేయించుకోనివాడి సైకిలుకి ఇక నా దగ్గర అతుకు లేదు. నడిచి చావండి."

వరసలో ఎవరూ కదల్లేదు. ఉర్సులా ముసలమ్మ మాత్రం, "అయితే మంగలి మంచోడేనన్నమాట. ఇంతకీ ఫెర్మిన్, ఆ చేపలు వేపుడుకి పనికొస్తాయా?" అంది.

"నీ నాలుక పనికొస్తుంది. బాగా పొడుగుంది, వీధికంతా సరిపోతుంది."

నవ్వులు వినబడుతుండగా ఆర్సేనియో వీధి గుమ్మంలోంచి వచ్చాడు. గోడ తలుపులోంచి కాదు, అందరూ చూసేలా వీధిలోంచి. వసారా ఎక్కి రెండు చేతులూ ఫెర్మిన్ ముక్కు కింద పెట్టాడు.

"వాసన చూడు. స్పిరిటు ఉందా?"

అంతమంది ముందు ఫెర్మిన్ వంగి వాసన చూశాడు.

"ఉల్లిపాయ," అన్నాడు. తర్వాత మొహం చిట్లించి, "ఉల్లిపాయ ఎక్కడ దొరికిందిరా నీకు?"

"నాతో మాట్లాడేవాళ్ళు ఇంకా కొందరున్నారు బావా," అని మా అన్న లోపలికి నడిచాడు.

నేను నీళ్ళు తీశాను, కాగు నీళ్ళు సన్నగా పోశాను. మళ్ళీ తీశాను, మళ్ళీ పోశాను. ఆర్సేనియో తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం మీద బొటనవేలు ఉంచాడు. గాలి రాయి నుంచి ఒక్కొక్క బుడగే, జపమాల తిప్పుతున్నట్టు పైకి వచ్చింది. ఫెర్మిన్ కిటికీ వెలుగులో గ్లాసు పట్టుకుని అరుస్తున్నాడు.

"పసుపు. పసుపేరా, ఇంకాస్త వదులు. చాలు, చాలు, చెవుడా? లేతాకుపచ్చ. ఏమే, నీళ్ళు. నిద్రపోతున్నావా?"

"నీళ్ళు మోసేది నేను, అరిచేది నువ్వు," అన్నాను.

"అరవకపోతే మీరు చేస్తారా? బావా, తగ్గించు. నీలం వస్తే నీ పీక పిసుకుతాను."

"ఏ చేత్తో?" అన్నాడు మా అన్న, తల తిప్పకుండా.

సాయంత్రం వెలుగు పోయేదాకా అలాగే కూర్చున్నారిద్దరూ, ఒకరినొకరు తిట్టుకుంటూ. నీలం రానివ్వలేదు. గిరగిరా తిరిగిన చేప ఒక్కటే పోయింది. మిగతావి మెల్లగా కిందికి దిగి, తల్లి చుట్టూ చేరాయి. చీకటి పడ్డాక ఆర్సేనియో లేచి, తన వైపు వెళ్ళి, బీరువా పక్కకి ఈడ్చాడు. వారంలో అన్నయ్య కుర్చీ నిండింది. వరసలో నిలబడిన అందరికీ సైకిళ్ళున్నాయి మరి.

ఆ తర్వాత ఫెర్మిన్ మారిపోయాడని రాస్తే కథకి బాగుంటుంది. మారలేదు. ఆ మాటని మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే వాళ్ళ మీద పడి తిట్టేవాడు. ముందు నీళ్ళు, తర్వాత గాలి అన్నది మాత్రం తనే కనిపెట్టినట్టు, ఊళ్ళో చేపలున్న ప్రతి ఇంటికీ వెళ్ళి బెదిరించి నేర్పాడు. నెరెయిడా పేరు చెప్పమంటే, "ఆ పిల్ల చెప్పింది, నేను తొక్కాను. ఎవరి కాళ్ళు నొప్పెట్టాయి?" అనేవాడు. చెప్పేవాడు కాదు. అందుకు కూడా నాకు కోపమే.

ఇప్పుడు మళ్ళీ కరెంటు పోతోంది. ఆ రోజుల కన్నా ఎక్కువగా పోతోంది. ఫెర్మిన్‌ని మట్టిలో పెట్టి మేమిద్దరం ఇంటికి తిరిగొచ్చిన మధ్యాహ్నం కూడా లేదు. గాలి కొట్టేవాడు పోయాడు కాబట్టి ట్యూబు మెత్తబడి నేల మీద పరుచుకుని ఉంది. మధ్య గదిలో నాన్న చేపల మనవలు, వాటి మనవలు, పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. బట్టలు కూడా మార్చుకోలేదు మేము. అన్నయ్య ఎనభై దగ్గర పడ్డ మనిషి, కుంటుకుంటూ పంపు తొక్కాడు. వీధి కేక పెట్టింది. నేను బకెట్టు తీసుకుని కాగు దగ్గరికి నడిచాను. అతను మోకాళ్ళ మీద కూర్చోలేక ముక్కాలి పీట లాక్కుని, చక్రం మీద బొటనవేలు పెట్టాడు. పెట్టి, ఆగిపోయాడు.

"రంగు చెప్పేవాడేడీ?" అన్నాడు. గొంతు పగిలింది, దానికి కోపంతో అతుకు వేశాడు. "పనున్నప్పుడు పడుకున్నాడు శాంతమూర్తి."

గ్లాసు కిటికీలో, ఆయన పెట్టిన చోటే ఉంది. నీళ్ళు ముంచి చుక్కలు వేసి వెలుగులోకి ఎత్తాను.

"పసుపు," అన్నాను.

"వినబడలేదు."

"పసుపు."

"అలా కాదు చెల్లీ. వీధికి వినబడాలి. తిట్టు."

నేను తిట్టాను. కరెంటుని తిట్టాను, ట్యూబుని తిట్టాను, టోపీ నలుపుకున్న ఆ పెద్దమనిషిని తిట్టాను, చెప్పకుండా పోయిన నా మొగుణ్ణి ఆయన నాకు నేర్పిన మాటలతోనే తిట్టాను. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. మా అన్న చక్రం వెంట్రుకవాసి తిప్పాడు, ఒక్కొక్క బుడగే పైకి వచ్చింది.

"లేతాకుపచ్చ," అని అరిచాను. "చాలు, చాలు, చెవుడా?"